మునగాకు పొడి తప్పేమీ లేదమ్మా

దాచేపల్లి,
ఆదివారం మధ్యాహ్నం.

అమ్మకు,

నమస్కారాలు. ఇక్కడ నేను క్షేమం. బెంగుళూరులో నువ్వూ, చెల్లీ, బావగారూ, కవలలిద్దరూ కులాసాగా ఉన్నారని నీ ఉత్తరం చూసి సంతోషించాను. పిల్లలు నిన్ను గుర్తుపట్టి నవ్వుతున్నారనీ, చిన్నదానికి నీ ముక్కుపుడక లాగడం ఆటయిందనీ రాశావు. ఆ ముక్క మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను.

ఉత్తరం తెచ్చిన పోస్టుమాన్ లక్ష్మీనారాయణ గేటు దగ్గరే ఆగి, "ఈ క్వార్టర్స్ మొత్తంలో చేత్తో రాసిన కవరు వచ్చేది మీ ఒక్కరికే సార్. మిగిలినయ్యన్నీ బ్యాంకు కాయితాలే" అన్నాడు. మా అమ్మకి చెవులు వినపడవు, ఫోన్లో అక్షరాలు చీమల బారులాగా ఉన్నాయని చూడదు, అందుకని కాగితం మీదే మాట్లాడుకుంటాం అని చెప్పాను. "మంచిదే గదా. ఫోన్లో అయితే ఇంత సేపు ఎవురు మాట్లాడతన్నారు" అని సైకిలెక్కాడు.

నువ్వు అడిగినవాటికి జవాబులు రాస్తాను. వరస కాస్త ముందూ వెనకా అయినా ఏమనుకోకు.

మునగాకు పొడి తీసుకుంటున్నావా అని అడిగావు. తీసుకున్నాను. నువ్వు చెల్లి దగ్గరికి వెళ్తూ డబ్బాల్లో పోసి పెట్టిన పొడి అయిపోయాక నేనే చేసుకున్నాను. మన పెరట్లో చెట్టు మీద సిమెంటు ఫ్యాక్టరీ దుమ్ము పిండి చల్లినట్టు ఉంటుంది కదా, అందుకని కడిగిన నీళ్ళు తేటగా వచ్చేదాకా ఆకు కడిగాను. కాడలు తీసి, నాన్న పాత ధోవతి నేల మీద పరిచి, ఫ్యాను కింద ఆరబెట్టాను. చేత్తో నలిపితే గలగలమన్నాక మిక్సీలో వేశాను. ఉత్తి పొడి ఒక సీసాలో, ఎండుమిరపకాయలూ వెల్లుల్లీ వేసి దంచిన కారం ఇంకో సీసాలో. పొద్దున పొడి మజ్జిగలో కలుపుకుని, మధ్యాహ్నం కారం అన్నంలో నెయ్యి వేసుకుని, నువ్వు చెప్పినట్టే అంతా చేశాను. కొన్నాళ్ళ నుంచి మాత్రం ఆపాను. ఎందుకో కింద రాస్తాను.

చెల్లికి ఇద్దరు పిల్లలకీ పాలు చాలుతున్నాయనీ, అది మునగాకు వల్లేననీ రాశావు. ఇక్కడ కూడా మన పొడికి మంచి పేరొచ్చింది. పక్కింటి జిలానీ భాయ్ తన మెకానిక్ షెడ్డులో ఒక సీసా పెట్టుకున్నాడు. లారీ డ్రైవర్ యేసుపాదం మాచర్ల లోడుకు పోయేటప్పుడల్లా అక్కడ ఆగి మజ్జిగలో కలిపించుకుని తాగుతాడట. రోజుల తరబడి స్టీరింగు ముందు కూర్చుని బిగుసుకుపోయిన కడుపుకి సుఖంగా ఉందంటాడు. ఖైరున్నీసా వదినకి పొడి వాడాక షుగరు కొంచెం దిగింది. ఆ సంతోషంలో మాత్రలు మానేస్తానంటే భాయ్ ఊరుకోలేదు. "ఆకు ఆకే, మాత్ర మాత్రే. రెండూ మింగు. నువ్వు పడిపోతే నాకు సంగటి ఎవురు చేస్తారు" అన్నాడు. వదిన నవ్వి మళ్ళీ మాత్రలు వేసుకుంటోంది.

ఫోన్లో ముఖం ఎందుకు చూపించడం లేదని అడిగావు. కెమెరా పాడైందని చెల్లితో చెప్పించాను. పిడుగురాళ్ళ సంబంధం వాళ్ళకి ఏం చెప్పావని అడిగావు. వద్దని చెప్పాను. అమ్మాయిలో వంక ఏమీ లేదు. కుదురుగా ఉంది, బళ్ళో పాఠాలు చెబుతుంది. ఆ కారణమూ కిందే రాస్తాను.

ఇంటి సంగతులంటే ఏముందమ్మా. డ్యూటీ కాగానే లారీలు తూచే కాటా గది నుంచి నడిచి వచ్చేస్తాను. పగలంతా లారీలు ఎక్కీ దిగీ, డ్రైవర్ల కేకలతో చెవులు హోరెత్తిపోయి ఉంటాయి. తాళం తీసి లోపలికి రాగానే ఎవరో ఆ హోరు మీద దుప్పటి కప్పినట్టు ఉంటుంది. నువ్వు ఇక్కడ ఉన్నప్పుడు నీకు పెదాలు కనపడాలని కిటికీ వైపు తిరిగి, ఒక్కో మాటా విడదీసి చెప్పేవాణ్ణి కదా. ఆ అలవాటు పోలేదు. మొన్న కూర మాడితే కిటికీ వైపు తిరిగి, "ఇవాళ వంకాయ మాడింది" అని నిదానంగా చెప్పాను. చెప్పాక చుట్టూ చూసుకున్నాను. వినేవాళ్ళు లేని ఇంట్లో అంత స్పష్టంగా మాట్లాడేవాణ్ణి నేనొక్కణ్ణే అయి ఉంటాను.

ఇక్కడిదాకా రాసి, కాగితం పక్కన పెట్టి, టీ పెట్టుకు తాగి వచ్చాను. మిగతాది రాయాలంటే చెయ్యి రావడం లేదు. అయినా రాస్తాను, ఎందుకంటే నీ ఉత్తరం చివర నువ్వు రాసిన నాలుగు మాటలు నన్ను నిద్రపోనివ్వడం లేదు.

"ఊరికి పోయే తొందర్లో ఆఖరున కోసిన ఆకు ఎండలో పెట్టాను. నీడన ఆరబెట్టాల్సింది. ఎండకి సారమంతా పోయింటది. నా తొందరే నీ ఒంటికి రక్తం పట్టకుండా చేసింది" అని రాశావు. ఈ మాట నీ మనసులో ఎన్నాళ్ళ నుంచి ఉందో నాకు తెలియదు. అది అక్కడే ఉండిపోకూడదు. నీ పొడిలో ఏ లోపమూ లేదమ్మా. లోపం వేరే చోట ఉంది.

నువ్వు ఇక్కడ ఉండగా ఫ్యాక్టరీ వాళ్ళ పరీక్షలో నాకు రక్తం తక్కువని తేలింది గుర్తుందా. నువ్వు మునగాకు మొదలుపెట్టాక పెరిగింది. ఆ కాగితం చూసి నువ్వు కాటా గదిలో వాళ్ళందరికీ బెల్లం పంచావు. చలికాలం వచ్చేసరికి మళ్ళీ తగ్గింది. అది నీకు రాశాను. ఎక్కువ వేసుకో అని నువ్వు రాశావు, వేసుకున్నాను. మెట్లెక్కితే ఆయాసం. మలం నల్లగా వచ్చేది. అంత ఆకు తింటే నల్లగా రాక ఏమవుతుంది అనుకున్నాను. ఒళ్ళు బలహీనంగా ఉంటే ఇంకో చెంచా పొడి, ముఖం పాలిపోతే ఇంకో చెంచా పొడి. ఎవరికీ చూపించుకోలేదు. ఇంట్లో ఇంకో మనిషి ఉంటే పట్టి లాక్కుపోయేవాళ్ళేమో.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒక మధ్యాహ్నం కాటా గది మెట్లు దిగుతూ పడిపోయాను. యేసుపాదం చూసి జిలానీ భాయ్‌కి కబురు చేశాడు. భాయ్ చేతి గ్రీజు కూడా కడుక్కోకుండా వచ్చి, నన్ను కారులో నరసరావుపేట తీసుకుపోయాడు. అక్కడ డాక్టరమ్మ రక్తం కాగితం చూసి, ఏం తింటున్నావని అడిగింది. మునగాకు సంగతంతా చెప్పాను. నీ పద్ధతి కూడా చెప్పాను. ఆమె ఓపిగ్గా విన్నది.

"ఆకు మంచిదే. మీ అమ్మగారు మంచి పని చేశారు. కానీ మగవాడికి ఈ వయసులో రక్తం ఊరికే తగ్గదు. మీరు పోస్తూనే ఉన్నారు, అది ఎక్కడో కారిపోతోంది. ఎక్కడో చూడాలి" అంది.

పేగులోకి గొట్టం వేసి చూశారు. పెద్దపేగు మొదట్లో ఒక గడ్డ ఉంది. రోజూ కొంచెం కొంచెంగా దాని నుంచే రక్తం కారుతోంది. ముక్క తీసి పరీక్షకు పంపితే క్యాన్సర్ అని వచ్చింది.

అమ్మా, ఈ మాట దగ్గర ఆగిపోకు. కింద మంచి సంగతి ఉంది. కళ్ళు తుడుచుకుని చదువు.

గుంటూరులో ఆపరేషన్ చేశారు. గడ్డ ఉన్న పేగు ముక్క తీసేసి మిగతాది కలిపి కుట్టారు. తీసిన ముక్కను మళ్ళీ పరీక్ష చేస్తే, గడ్డ పేగు గోడ దాటి పోలేదనీ, పక్కనున్న గ్రంథుల్లో ఏమీ లేదనీ తేలింది. కీమో అక్కర్లేదన్నారు. అప్పుడప్పుడూ వెళ్ళి చూపించుకోవాలి, అంతే. నేను బాగున్నానని పైన రాసింది అబద్ధం కాదు. గాయం మానింది. రక్తం ఎక్కించారు, ఇనుము మాత్రలిచ్చారు. డ్యూటీకి వెళ్తున్నాను, మెట్లెక్కే పని లేకుండా కూర్చునే పని ఇచ్చారు. మధ్యలో అన్నాళ్ళు నా ఉత్తరం ఎందుకు రాలేదని అడిగావు కదా. అది అందుకు.

చెల్లి తొలి కాన్పు, అందులో కవలలు. పుట్టినప్పుడు చిన్నది గాజుపెట్టెలో ఉందని నువ్వే రాశావు. ఆ పిల్లని గుండెకి ఆనించుకుని కూర్చున్న నీకు ఈ వార్త ఎలా రాయను? చెబితే నువ్వు పరిగెత్తుకు వస్తావు. అక్కడ చెల్లి ఏడుస్తుంది. ఇద్దరి మధ్యా నువ్వు నలిగిపోతావు. అందుకని చెల్లికి కూడా చెప్పలేదు. ఫోను కెమెరా బాగానే ఉంది. పెదాలు చూసి మాట పట్టే నీకు ముఖం చూపిస్తే దొరికిపోతానని దాచాను. పిడుగురాళ్ళ వాళ్ళకి వద్దని చెప్పింది కూడా ఇందుకే. ఆ అమ్మాయిని ఇందులోకి లాగడం నాకు న్యాయంగా తోచలేదు.

గుంటూరు ఆసుపత్రిలో ఆపరేషన్ ముందు నర్సు వచ్చి, "పేషెంటు తాలూకు ఎవరు? సంతకం పెట్టాలి" అంది. నేను నోరు తెరిచేలోపు జిలానీ భాయ్ లేచాడు.

"నేనే. అన్నని."

ఆమె కాగితంలో నా పేరు చూసింది, ఆయన పేరు అడిగింది. "సొంత అన్నేనా?" అంది.

"కాదంటే ఆపరేషన్ ఆగుద్దా ఏందమ్మా? ఇటీ కాయితం" అని సంతకం పెట్టాడు. పెన్ను తిరిగిచ్చి నా మంచం పక్కనే కూర్చున్నాడు.

ఆపరేషన్ అయ్యాక మెలకువ వస్తూ నేను "అమ్మా" అని పిలిచానట. ఒకసారి కాదు, పిలుస్తూనే ఉన్నానట. నర్సు వంగి, "మీ అమ్మగారు బయట ఉన్నారా? పిలవమంటారా?" అని అడిగింది. మత్తులో నేను, "ఆమెకి వినపడదు" అన్నాను. ఆ పిల్ల వేరేగా అర్థం చేసుకుంది. నా భుజం మీద చెయ్యి వేసి కాసేపు నిలబడింది. బతికే ఉన్నదని చెబుదామనుకున్నాను. చెప్పలేదు. ఆ చెయ్యి తీసేస్తుందని భయం వేసింది.

భాయ్ మొదట్లో నాతోనే ఉన్నాడు. తరవాత షెడ్డులో బళ్ళు ఆగిపోయాయని డ్రైవర్లు ఫోన్లు చేస్తుంటే నేనే పంపించేశాను. పక్క మంచం మీద ఇన్నయ్య అని కొండవీడు దగ్గర పెద్దాయన. ఆయన భార్యా, ఇద్దరు కూతుళ్ళూ రోజూ పోట్లాడుకునేవాళ్ళు. ఎవరు ఆయన దగ్గర ఉండాలి అని. "నువ్వు పోయి పడుకోవే, నేనుంటా" అంటే "నువ్వే పోమ్మా, నడుం నొప్పన్నావు గదా" అని. ఆయన విసుక్కుంటూ, "ఏందే ఈ గోల, అందరూ పొండి" అనేవాడు. నేను గోడ వైపు తిరిగి ఆ పోట్లాట వింటూ పడుకునేవాణ్ణి. అలాంటి పోట్లాట నా మంచం దగ్గర కూడా జరిగితే బాగుండుననిపించింది. ఆయన భార్య అది కనిపెట్టిందో ఏమో, వాళ్ళు తెచ్చుకున్న మజ్జిగలో నాకూ ఒక గ్లాసు ఇచ్చేది. "మీవోళ్ళు రాలేదా అయ్యా?" అని ఒకరోజు అడిగింది. దూరాన ఉన్నారన్నాను. "అయితే మాత్రం" అంది. ఆ రెండు మాటలూ ఇప్పటికీ నాలోనే ఉన్నాయి.

నీ అనుమానం సంగతి. నీ ఉత్తరం వచ్చిన తరవాత నరసరావుపేట డాక్టరమ్మ దగ్గరికి చూపించుకోవడానికి వెళ్ళాను. పరీక్ష అయ్యాక నీ ఉత్తరంలో మాట చదివి వినిపించి, ఎండలో పెడితే ఆకు సారం పోతుందా అని అడిగాను. ఆమె నవ్వలేదు. కుర్చీ ముందుకు జరుపుకుని చెప్పింది, నేను ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"ఎండలో పెడితే కంటికి మేలు చేసే విటమిను కొంత పోతుంది, అందుకే నీడన ఆరబెట్టడం మంచిది. ఇనుము మాత్రం ఎక్కడికీ పోదు. ఎండకి ఇనుము ఆవిరి కాదని అమ్మగారికి రాయండి. నిజానికి ఆ పొడి తిన్నారు కాబట్టే మీ ఒళ్ళు ఇన్నాళ్ళు తట్టుకుందేమో. కాకపోతే ఆకులో ఇనుము ఒంటికి పట్టేది కొద్దిగానే, అంత రక్తం కారుతుంటే అది చాలదు. పాలు పడని తల్లులకి, నీరసంగా ఉండే పిల్లలకి, ఎముకలకి, ఆకు మంచి తిండే. తినేటప్పుడు నిమ్మకాయ పిండుకుంటే ఇనుము బాగా పడుతుంది. తిన్న వెంటనే టీ మాత్రం తాగకూడదు. ఇక తిండిని తిండిగా తినాలి, జబ్బేమిటో తెలుసుకోవడానికి మా దగ్గరికి రావాలి. మీరు రెండోది ఆలస్యం చేశారు. అది మీ అమ్మగారి తప్పు కాదు."

విన్నావా అమ్మా? నీ తప్పు కాదు. నిమ్మకాయ సంగతి చెల్లికి చెప్పు. నేనైతే మజ్జిగలో పొడి తాగి, పైన టీ తాగి డ్యూటీకి పోయేవాణ్ణి. పేగు పూర్తిగా కుదుటపడేదాకా పొళ్ళు వద్దన్నారు కాబట్టి ఇప్పుడు ఆపాను. వచ్చే నెల నుంచి ఉత్తి పొడి వేసుకోవచ్చట. కారానికి ఇంకా టైముందట. ఈ మధ్య ఖైరున్నీసా వదినే ఆకు కోసి పొడి చేస్తోంది. బాగానే చేస్తుంది గానీ కాడలు సరిగ్గా తియ్యదు.

ఇక అసలు సంగతి. జబ్బు సంగతి కన్నా ఇది రాయడమే నాకు కష్టంగా ఉంది.

నేను ఎప్పుడూ నిన్ను రమ్మని అడగలేదు. నాన్న పోయాక నువ్వే నా దగ్గరికి వచ్చావు, చెల్లికి అవసరమైతే నువ్వే అక్కడికి వెళ్ళావు. వెళ్ళేరోజు, "నాకేం, ఒక్కణ్ణే గదా, నా సంగతి నేను చూసుకుంటా" అన్నాను. నా పెదాలు చూసి నువ్వు తల ఊపావు. అప్పటి నుంచి ప్రతి ఉత్తరంలోనూ అదే మాట రాస్తూ వచ్చాను. అది నిజం కాదు. నా సంగతి నేను చూసుకోలేను. ఒంట్లో బాగానే ఉంది, ఇల్లే బాగుండటం లేదు. పొద్దున లేచాక నేను లేచానని తెలిసే మనిషి ఒకరు ఇంట్లో ఉండాలనిపిస్తోంది.

నువ్వు రా అమ్మా. నెల రోజులుండి పో. చెల్లి అత్తగారు పిల్లల్ని చూసుకోవడానికి వస్తానంటున్నారని రాశావు కదా, ఆవిడ రాగానే బయలుదేరు. చెల్లికీ విడిగా అన్నీ రాసి ఇదే కవర్లో పెట్టాను. నువ్వు చదివాక ఇవ్వు. అది కోప్పడుతుంది, పడనివ్వు. ఆవిడ రావడం కుదరకపోతే, ఇంకా కొన్నాళ్ళు ఆగాలంటే, ఆగుతాను. కానీ ఈసారి మాత్రం నాకేం పర్వాలేదని రాయను.

బావగారు నిన్ను బెంగుళూరులో రైలెక్కిస్తారు. కింది బెర్తు, కుడివైపు కిటికీ దగ్గర తీయమను. స్టేషన్ల పేర్లు పిలిచినా నీకు వినపడవని కంగారుపడకు. తెల్లవారాక వినుకొండ వస్తుంది, కొండ మీద గుడి కనపడుతుంది. అక్కడ దిగకు. ముఖం కడుక్కుని కూర్చో. ఇంకాసేపటికి కుడివైపు పొలాల అవతల కోటప్పకొండ కనపడుతుంది. అది కనపడగానే లేచి చెప్పులు వేసుకో. తరవాత ఆగేది నరసరావుపేట. నేనూ జిలానీ భాయ్ ప్లాట్‌ఫారం మీదే ఉంటాం. నీ సామాను భాయ్ దించుతాడు. నేను ఇంకా బరువులు మోయకూడదట. నిన్ను చెయ్యి పట్టి దించడానికి మాత్రం డాక్టరమ్మ ఒప్పుకుంది, అడిగాను.

చెల్లికీ, బావగారికీ, పిల్లలకీ నా ఆశీస్సులు, ముద్దులు. ఎవరికేవి చెందాలో వాళ్ళకవి ఇవ్వు.

ఇట్లు,
నీ రాక కోసం చూసే
నీ కొడుకు,
అమర్నాథ్.